షాఫ్టు బయటికి వచ్చే చోట

రాళ్లవాగు తండా,
బాన్సువాడ దగ్గర,
మే 9.

పండరి గారికి,

నేను మీ పడవ మీద పనిచేసిన సంజీవ్ భార్య నీలను. మీ క్షేమం అడగడానికి రాయడం లేదు. మీ పడవ గురించి ఒక సంగతి తెలుసుకోవాలి, అందుకు రాస్తున్నాను.

పోయిన నెలలో కోర్టు పడవను విడిచిపెట్టింది. మీ తమ్ముడు వచ్చి, "మా ఇంట్ల ఎవ్వరికి దాని మొఖం చూడబుద్ది అయితలేదు, మీరే ఉంచుకోండ్రి" అని తండా మహిళా సంఘం పేర రాసిచ్చి వెళ్లిపోయాడు. మా ఆయననూ, హీరాబాయి అవ్వనూ మింగిన పడవ. రెండు వానాకాలాలు ఒడ్డున పడి ఉంది. ఎవరు నడుపుతారని సంఘంలో అడిగితే ఒక్క చేయీ లేవలేదు. చివరికి నేను ఎత్తాను.

ఇష్టముండి కాదు. ఉగాదికి ముందు దేవీబాయికి నొప్పులొస్తే ఆటోలో చుట్టూ తిప్పి బాన్సువాడ దవాఖానకు తీసుకుపోయారు. నీళ్ల మీదైతే ఇరవై నిమిషాలు, రోడ్డు మీద గంటన్నర. బిడ్డ దారిలోనే పుట్టి దారిలోనే పోయింది. మంజీర నడుమ సగంలో ఆగిన వంతెన దిమ్మెలు మీరు జైలుకు పోయేనాటికి ఎట్లా నిలబడి ఉన్నాయో ఇప్పుడూ అట్లాగే ఉన్నాయి. ఇటు రోడ్డూ రాలేదు, అటు రోడ్డూ రాలేదు.

బాన్సువాడ ట్రాక్టరు మెకానిక్ అఖిలేశ్ వచ్చి ఇంజను విప్పి, కడిగి, మూడు వారాలు తంటాలు పడి తిప్పాడు. గేర్‌బాక్సు విప్పలేదు, అందులో ఆయిల్ మాత్రం మార్చాడు. ఇంజను బాగానే తిరుగుతోంది. కానీ అరగంట నడిపేసరికి అడుగు పలకల కింద ఆయిల్ మడుగు కడుతోంది. ఎక్కడినుంచో తెలియడం లేదు. "ట్రాక్టరుదైతే కండ్లు మూసుకొని చెప్త అక్కా. గిది ఇంజనేమో ట్రాక్టరుది, గేర్‌బాక్సేమో సముద్రం పడవది. నడుమల అతుకు పెట్టింది పండరన్న. ఆయననే అడుగు" అన్నాడు.

జైలు ఫోను ఇంటివాళ్లకేనట. అందుకే ఉత్తరం. ఆయిల్ ఎక్కడ కారుతుందో ఎట్లా కనుక్కోవాలి, ఎట్లా ఆపాలి, అంతవరకు రాయండి చాలు.

నీల


జిల్లా జైలు,
నిజామాబాద్,
మే 21.

చెల్లె నీలకు,

నీ ఉత్తరం అందింది. కవరు మీద నీ పేరు చూసి, లోపలి కాగితం సాయంత్రం గానీ తీయలేదు. ఇక్కడికి నాకు ఉత్తరం రాసింది నువ్వొక్కదానివే. ఆఫీసులో వాళ్లు చదివి ఇస్తారు. "బోటు మెకానిక్ స్కూలు పెట్టినవా?" అని వార్డరు నవ్వాడు.

నువ్వు అడిగింది చెప్తాను. ముందు ఏ బోల్టూ ముట్టుకోకు. కారేది ఏ ఆయిలో చూడు. మడుగులో తెల్ల కాగితం ముంచి ఎండలో పట్టు. నల్లగా, పొగ వాసనతో ఉంటే ఇంజనుది. శుభ్రంగా, తేనె రంగులో ఉంటే గేర్‌బాక్సుది. పాలు పోసిన చాయలా ఉంటే, ఆయిల్‌ను చల్లబరిచే కూలర్లో నీళ్లు కలుస్తున్నట్టు. అట్లా ఉంటే పడవ అసలే తీయకు.

తర్వాత ఇంజనూ గేర్‌బాక్సూ మొత్తం డీజిల్‌తో కడిగి, పాత బట్టతో తుడిచి, ఒక పూట ఆరనివ్వు. ఆరాక అంతటా ముఖానికి పూసే పౌడరు చల్లు. పడవను రెండు తాళ్లతో ఒడ్డుకు కట్టి, నెమ్మదిగా పావుగంట నడిపి, ఆపి చూడు. పౌడరు ఎక్కడ తడిసిందో అక్కడ కారుతున్నట్టు. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆయిల్ కారిన చోటే బొట్టు పడదు. పైన కారి, పక్కనుంచి జారి, ఇంజను గాలికి వెనక్కి పోయి, ఎక్కడో కింద పడుతుంది. అందుకని అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు తడిసిన చోటు వెతుకు.

నాకు అనుమానమున్నవి రాస్తున్నాను. ఇంజను పైన మూత, ట్యాపెట్ కవరు, దాని ప్యాకింగు. ఎండకు గట్టిపడి ఉంటుంది. ఇంజను కింద ఆయిల్ చాంబరు నట్టు, దాని రాగి వాషరు. గేర్‌బాక్సు మీద బ్రీదరని చిన్న టోపీ ఉంటుంది, లోపలి గాలి పోయే దారి. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, సందు దొరికిన చోటల్లా ఆయిల్‌ను తోస్తుంది.

ఇంజను తిరుగుతుండగా వంగకు. కొంగు బిగించు, జడ ముడి వేసుకో. సంజీవ్ ఉంటే నీకు ఇవన్నీ చెప్పే పనే ఉండకపోయేది.

పండరి


రాళ్లవాగు తండా,
జూన్ 6.

పండరి గారికి,

నన్ను చెల్లె అని రాయకండి.

మీరు చెప్పినట్టే చేశాను. ట్యాపెట్ కవరు పక్కన పౌడరు మొత్తం తడిసింది. ప్యాకింగు చేత్తో వంచితే అప్పడంలా విరిగింది. అఖిలేశ్ కొత్తది కోసి వేశాడు. చాంబరు నట్టుకు వాషరు మార్చాం. బ్రీదరు విప్పితే లోపల కందిరీగ మట్టి గూడు కట్టి ఉంది. సూదితో పొడిచి, డీజిల్లో నానబెట్టి, ఊది చూస్తే గాలి పోయింది.

ఇదివరకు కారినదాంట్లో సగానికి పైగా ఆగిపోయింది. కానీ మొత్తం ఆగలేదు. ఇప్పుడు కాగితం ముంచితే తేనె రంగు వస్తోంది. అంటే గేర్‌బాక్సుదే. ఇంకేం చూడాలో రాయండి.

మీ ఉత్తరంలో ఆయన పేరు రాశారు కాబట్టి నేనూ ఒక మాట రాస్తున్నాను. గాలి తోస్తే పడవ దిమ్మెకు తగిలిందని కోర్టులో చెప్పారు మీరు. అది నాకు అర్థమైంది. సంజీవ్ ఎందుకు ఈదలేకపోయాడని వకీలు అడిగితే, "తాగి అడుగు పలకల కాడ పండుకుండు సార్" అన్నారు. నేను వెనక బెంచీ మీదే ఉన్నాను. మంజీర నిండుగా పారే రోజుల్లో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఒక్క దమ్ములో ఈదే మనిషి. ఆ నీళ్లలోనే పోయాడు. తాగితేనే పోతాడు కదా అని అందరూ ఒప్పుకున్నారు. అప్పుడప్పుడు తాగేవాడు, నేను కాదనను. ఆ పొద్దున ఎంతకీ లేవలేదు. రాత్రిది దిగలేదని నేనూ అనుకున్నాను.

మా ప్రియాంక పిట్లంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. తొమ్మిదో తరగతి. "మీ నాయిన తాగి సచ్చిండట కదా" అని ఒక పిల్ల అందరి ముందూ అన్నదట. ఆ రోజునుంచి ఆదివారాలు ఇంటికి రావడం మానేసింది. మా అత్త గౌరీబాయి కొడుకు పేరు నా ముందు ఎత్తి రెండేళ్లయింది. సిగ్గుతో అనుకుంటాను.

ఇది రాయాలని రాయలేదు. రాసేశాను కాబట్టి కొట్టేయడం లేదు.

నీల


జిల్లా జైలు,
నిజామాబాద్,
జూన్ 19.

నీలకు,

బ్రీదరు సంగతి బాగా పట్టుకున్నావు.

ఇక కూలర్ పైపులు చూడు. రెండూ రబ్బరువే, ఎండకు పగిలి ఉంటాయి. వాటి క్లిప్పులు కూడా మార్చు. ముందుకు వెనక్కు మార్చే లివరు ఉంది కదా, అది గేర్‌బాక్సులోకి దిగే చోట సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. అదొకటి. పక్క మూత ప్యాకింగు ఇంకొకటి. ఇవి మార్చి చూడు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. నాకు మోకాళ్ల నొప్పులు.

నీ బిడ్డ సంగతి చదివాను.

పండరి


రాళ్లవాగు తండా,
జూలై 4.

పండరి గారికి,

పైపులు మార్చాను. క్లిప్పులు, లివరు రింగు, పక్క మూత ప్యాకింగు, అన్నీ మార్చాను. ఇప్పుడు ఆ పని నేనే చేస్తున్నాను, అఖిలేశ్ చూస్తూ కూచుంటున్నాడు. ఇంకా కారుతోంది.

నిన్న మళ్లీ కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి నడిపాను. గేర్‌బాక్సు ముందు పొడి. పైన పొడి. పక్కలా పొడి. వెనక, నీళ్లలో తిరిగే ఫ్యాను షాఫ్టును గేర్‌బాక్సుకు కలిపే కప్లింగుకు సరిగ్గా ఎదురుగా, పడవ రెండు వైపుల చెక్కల మీదా ఒక గీత పడింది. కుడి పక్కదీ ఎడమ పక్కదీ ఒకే ఎత్తులో, తడి చీపురు తిప్పి కొట్టినట్టు. తిరిగే కప్లింగు విసిరితే తప్ప అట్లా పడదు.

మీరు ఇంతవరకు ఆరు చోట్లు రాశారు. గేర్‌బాక్సులోంచి షాఫ్టు బయటికి వచ్చే చోటు ఒక్కటే రాయలేదు. అఖిలేశ్‌ను అడిగితే, "ఏ మెకానిక్ అయినా ముందుగాల ఆడనే చూస్తడు అక్కా. నేను గా కప్లింగు విప్పరాక ఊకున్న. పండరన్నకు యాదికి రాకపోవుడేంది?" అన్నాడు.

నాకూ అదే అనుమానం. మరిచిపోయారా?

సోమవారం కప్లింగు విప్పుతున్నాను. ఎట్లా విప్పాలో రాయండి. రాయకపోయినా విప్పుతాను.

నీల


రాళ్లవాగు తండా,
ఆగస్టు 2.

పండరన్నా,

నెల అయింది. నువ్వు జవాబు రాయలేదు. నీకోసం మూడు సోమవారాలు ఆగాను. మొన్న విప్పాను.

కప్లింగు రెండు ముక్కల మీదా ఉలితో గుర్తు కొట్టి, నాలుగు బోల్టులూ తీసి, ఫ్యాను షాఫ్టును నాలుగు వేళ్లు వెనక్కి జరిపాం. షాఫ్టు మెడ మీద, ఆయిల్‌ను లోపలే ఆపే రబ్బరు సీలు కూర్చునే చోట చుట్టూ గాడి పడి ఉంది. గోరు పెడితే దిగుతోంది. సీలు పెదవి చిరిగిపోయి ఉంది. ఇవి అరుగుతాయి, అది నాకు తెలుసు.

కానీ సీలు వెనక బట్ట ఉంది. వత్తిలా పేని, షాఫ్టు చుట్టూ తిప్పి, స్క్రూడ్రైవరుతో కుక్కి, పైన నల్ల పేస్టు పూసి ఉంది. అఖిలేశ్ పటకారుతో లాగితే మూరెడు వచ్చింది. డీజిల్లో కడిగాను. నీలం గళ్లు. అంచున ఆకుపచ్చ దారంతో కుట్టు. ఇంట్లో నీలం దారం అయిపోతే ఆకుపచ్చ దారంతో నేను కుట్టిన కుట్టు. ఆయన చొక్కా అది. "యాడ పోయింది?" అని అడిగితే "పడవ మీద ఆరేస్తే గాలికి పోయింది" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాను కూడా.

అంటే ఆయనకు తెలుసు. ఆయన కుక్కిన బట్ట నీ కంట పడకుండా ఉండదు, రోజూ ఆ గేర్‌బాక్సు పక్కనే నిలబడేవాడివి. అంటే నీకూ తెలుసు. కోర్టులో గాలి అన్నావు. గాలి పేరు చెప్పావు, ఆయన తాగాడని చెప్పావు. ఈ సీలు సంగతి ఎందుకు చెప్పలేదు?

నిన్ను అన్నా అని పిలిచాను, పెళ్లయిన నాటినుంచీ. మా ఇంట్లో ఎన్నిసార్లు తిన్నావో నువ్వే లెక్క చూసుకో. ఇప్పుడు పడవ సంగతి అడగడం లేదు. అది నేనెట్లాగో చేసుకుంటాను. ఆ రోజు ఏం జరిగింది? రాయి. రాయనంటే ఆ మాటైనా రాయి.

నీల


జిల్లా జైలు,
నిజామాబాద్,
ఆగస్టు 17.

నీలకు,

రాస్తున్నాను. ఇది ఆఫీసులో చదువుతారని తెలిసే రాస్తున్నాను.

ఆ లీకు ముందు కనిపెట్టింది సంజీవ్. చనిపోవడానికి మూడు వారాల ముందు. "అన్నా, షాఫ్టు కాడ ఆయిల్ వస్తుంది. సీలు పోయింది" అన్నాడు. కొత్త సీలు తెచ్చి ఇద్దరం వేశాం. వారానికే మళ్లీ మొదలైంది. షాఫ్టు మెడ మీద గాడి పడ్డాక కొత్త సీలు ఏం చేస్తుంది? ఆ షాఫ్టు ముక్క కాకినాడ నుంచి తెప్పించాలి. ఇరవై రోజులు పడవ ఆగాలి. పత్తికి, సోయకు మనుషులు అటూ ఇటూ తిరిగే రోజులు. "దసరా దాక నడిపిద్దాం రా, అటెన్క ఒడ్డుకు గుంజుదాం" అన్నాను. సంజీవ్ ఒప్పుకోలేదు. గేర్‌బాక్సులో ఆయిల్ తగ్గితే లోపలి ప్లేట్లు పట్టు విడుస్తాయి, ఇంజను అరుస్తుంది గానీ ఫ్యాను తిరగదు. ఇది వాడికి నేనే నేర్పాను. "నడి నీళ్లల్ల పట్టు ఇడిస్తే ఏం చేస్తవ్ అన్నా?" అని అడిగాడు. "పోసుకుంట పోదాం" అన్నాను.

మరునాడు తన చొక్కా చింపి కుక్కాడు. నేను చూశాను. మంచిగుంది అన్నాను. ఆ తర్వాత రోజూ వెనక పలక ఎత్తి, డబ్బా పట్టుకుని అక్కడే కూచునేవాడు. ఒక దాటుకు రెండుసార్లు పోసేవాడు. ఎక్కినవాళ్లకు కనపడకుండా పైన గోనె సంచి కప్పేవాడు. అట్లా కప్పమన్నది కూడా నేనే.

ఆ రోజు పొద్దున వాడు రాలేదు. ఫోను చేశాను. "నేను రాను అన్నా. మొగులు నల్లగుంది, గాలి లేస్తది. నువ్వు గూడ తియ్యకు" అన్నాడు. ఒడ్డున ముప్పై మంది నిలబడి ఉన్నారు. బాన్సువాడ అంగడి రోజు. "నువ్వు రాకుంటే నేనొక్కన్నే పోత" అని ఫోను పెట్టేశాను. గంట తర్వాత వచ్చాడు. తిన్నగా పోయి వెనక పలక ఎత్తి కూచున్నాడు. ఎందుకొచ్చినవ్ రా అని నేను అడగలేదు. వచ్చాడు కదా, చాలనుకున్నాను.

నడుమకు పోయాక గాలి లేచింది. బలం కోసం ఇంజను పెంచాను. పెంచేకొద్దీ ఆయిల్ ఎక్కువ విసిరింది. సంజీవ్ కిందినుంచి, "అన్నా, డబ్బా ఒడిసింది, తగ్గియ్" అని అరిచాడు. తగ్గిస్తే గాలి దిమ్మె మీదికి తోస్తోంది. తగ్గించలేదు. అప్పుడు పట్టు విడిచింది. ఇంజను గుక్కపట్టి అరుస్తోంది, పడవ కదలదు. పక్కకు తిరిగి దిమ్మెకు తగిలింది. జనం అంతా ఒక వైపుకు ఉరికారు. పడవ బోర్లా పడ్డప్పుడు సంజీవ్ పలకల కింద ఉన్నాడు. చేయి లోపల పెట్టి బట్టను ఇంకా గట్టిగా కుక్కుతున్నాడు. ఈదడానికి వాడికి సందు లేదు.

వాడు తాగలేదు నీలా. ఆ రోజు చుక్క కూడా ముట్టలేదు.

కింద ఎందుకు ఉన్నాడని పోలీసులు అడిగారు. ఆయిల్ పోస్తున్నాడని చెప్తే లీకు సంగతి బయటపడుతుంది. తాగి పడుకున్నాడన్నాను. ఒక్కసారి నోట్లోంచి వచ్చాక మళ్లీ మళ్లీ అదే చెప్పాను. పోయినవాడు అడగడనుకున్నాను.

నువ్వు లీకు గురించి రాసినప్పుడు, మిగతావన్నీ సరిచేస్తే అదొక్కటి కొంచెం కొంచెం కారినా నువ్వు పట్టించుకోవనుకున్నాను. ఇంకోసారి నిన్నూ నీ పడవలో ఎక్కేవాళ్లనూ నీళ్ల మీదికి పంపబోయాను. అది తలుచుకుంటే నాకే నా చేతులు చూడబుద్ధి కావడం లేదు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను, ఇదైనా సరిగ్గా చెప్తాను. కొత్త ముక్క కాకినాడలో దొరికితే మంచిదే. దొరికేదాకా ఒక దారి ఉంది. పాత సీలు ఎంత లోతున కూర్చుందో కొలువు. కొత్త సీలును దానికంటే రెండు మిల్లీమీటర్లు బయటికే ఆపు. అప్పుడు పెదవి గాడిలో పడకుండా, అరగని నున్నటి చోట కూర్చుంటుంది. స్ప్రింగు ఉన్న వైపు లోపలికి. పెదవికి గ్రీజు పూయి. చెక్క ముక్క పెట్టి చుట్టూ కొద్దికొద్దిగా కొట్టు, ఒకే వైపు కొడితే వంకరపోతుంది. కప్లింగు కలిపేముందు రెండు ముఖాల నడుమ సన్న రేకు పెట్టి నాలుగు పక్కలా చూడు, ఒకేలా దూరాలి. వంకరగా కలిపితే ఏ సీలూ నిలవదు. ఆ గాడి పడ్డది కూడా నేను వంకరగా కలిపినందుకే కావచ్చు.

సూపరింటెండెంటు గారిని కలవాలని అర్జీ పెట్టాను. ఇందులో రాసిందే అక్కడా చెప్తాను. దీపావళికి విడుదల అన్నారు. అది అవుతుందో కాదో ఇక తెలియదు.

పండరి


రాళ్లవాగు తండా,
సెప్టెంబరు 20.

పండరన్నకు,

మీ ఉత్తరం వచ్చి నెల కావస్తోంది. ఇన్నాళ్లూ రాయనిది కోపంతో అనుకుంటారేమో. కోపం ఉంది. కానీ రాయలేకపోయింది దానివల్ల కాదు.

ముందు పడవ సంగతి. సీలు రెండు మిల్లీమీటర్లు బయటికి ఆపి వేశాను. మొదటిసారి వంకరపోయింది, తీసి ఇంకొకటి వేశాను. కప్లింగు కలపడానికి రెండు రోజులు పట్టింది. ఇంజను కాళ్ల కింద రేకులు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, నాలుగు పక్కలా రేకు ఒకేలా దూరేదాకా చేశాను. ఒడ్డుకు కట్టి రెండు గంటలు నడిపాం. పౌడరు ఎక్కడా తడవలేదు. అఖిలేశ్ కింద పడుకుని, వేలితో తుడిచి చూసి, "పొడి అక్కా" అన్నాడు. కొత్త ముక్కకు కాకినాడ కబురు పెట్టాం. లైఫ్ జాకెట్లు వచ్చాయి. ఇరవై మందికంటే ఎక్కనివ్వను.

ఇప్పుడు రెండోది. "ఎందుకొచ్చినవ్ రా అని నేను అడగలేదు" అని రాశారు. ఆయన ఎందుకు వచ్చాడో నాకు తెలుసు.

ఆ పొద్దున ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మీ ఫోను పెట్టేశాక కూడా లేవలేదు. "పనికి పోవా?" అన్నాను. "ఇయ్యాల పడవ మంచిగ లేదు నీలా" అన్నాడు. "పడవ మంచిగ లేదా, నువ్వు మంచిగ లేవా? రాత్రి ఎంత తాగినవ్?" అన్నాను. తాగలేదన్నాడు. దగ్గరికి పోయి వాసన చూస్తే తెలిసేది. పోలేదు. ఆయన తువ్వాలు తెచ్చి ముఖం మీద పడేశాను. "మొగోడు మంచంల పంటే ఇల్లెట్ల నడుస్తది? లే, పో" అని అరిచాను. అంబలి గిన్నె ముందు పెట్టాను, ముట్టలేదు. చెప్పులేసుకుని పోయాడు. కాసేపు వాకిట్లో నిలబడ్డాడు, ఇంకేమైనా అంటాననేమో. నేను బయటికి రాలేదు.

మీరు కోర్టులో తాగాడని చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఊపిరి పీల్చుకున్నాను. తాగి పడుకున్న మనిషిని పనికి తోలడం తప్పు కాదు కదా. మీ అబద్ధాన్ని నేను రెండేళ్లు పట్టుకుని ఉన్నాను. నా బిడ్డను ఆ మాటతో బడిలో ఏడిపిస్తున్నా వదలలేదు.

మీ ఉత్తరం అత్తకు చదివి వినిపించాను. ఆమె మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. చదువు రాని మనిషి, కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నేను నా సంగతి చెప్పాను. తువ్వాలు విసిరింది, అరిచింది, అన్నీ. తల ఎత్తకుండా చెప్పాను. ఆమె మా లంబాడీ భాషలో అన్న మాటలు మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"నాకు ఎరుకే. గోడ అవతల నేను చాటల బియ్యం చెరుగుతున్న. నువ్వు అన్నయి, వాడు అన్నయి అన్నీ ఇన్న. వాకిట్లకు వచ్చినప్పుడు వాణ్ని దగ్గరికి పిలిచిన, నెత్తి నిమిరిన. తాగలేదు నా కొడుకు. రెండేండ్ల సంది నువ్వెప్పుడు చెప్తవో అని చూస్తున్న."

"నువ్వెందుకు చెప్పలేదు అత్తా, అందరు తాగిండంటుంటే?" అని అడిగాను.

"చెప్తే నిన్ను తండల ఉండనిస్తురా? నీ బిడ్డ మొఖం చూసి ఊకున్న" అంది.

సిగ్గుతో మాట్లాడడం లేదనుకున్నాను ఇన్నాళ్లూ. నా ఎదురుగా కూచుని తిన్న ప్రతి ముద్దా ఆమె ఎట్లా మింగిందో.

మరునాడు బట్టలు మూట కట్టుకుంది. బాన్సువాడలో ఆమె కూతురు ఉంది, అక్కడికి పోతానంది. ఎన్నాళ్లకని అడగలేదు, ఆమె చెప్పలేదు. బస్సు కోసం రోడ్డుదాకా నడవబోతుంటే, "పడవల దాటిస్త" అన్నాను. ఆగింది. ఒడ్డుదాకా నా వెనకే వచ్చింది. నీళ్ల మీద పడవ తిరిగిన మొదటి దాటు అదే. ఇద్దరమే ఉన్నాం. జాకెట్టు తొడుగుతుంటే చేతులు ఎత్తి చిన్నపిల్లలా నిలబడింది. దారంతా దిమ్మెలవైపు చూడలేదు. వెనక పలక దగ్గర కూచుంది, కూచొమ్మని నేను చెప్పలేదు. అక్కడ చెక్క మీద అరచేయి పెట్టి, ఒడ్డు వచ్చేదాకా తీయలేదు.

దిగాక మూట నెత్తిన పెట్టుకుని, "ప్రియాంకకు నువ్వే చెప్పాలె. వాని ముచ్చట, నీ ముచ్చట, రెండు చెప్పు. ఒక్కటే చెప్పకు" అంది. వెళ్లిపోయింది. ఆటో ఎక్కేదాకా నిలబడ్డాను. వెనక్కి చూడలేదు.

మీరు జైలు పెద్దసారుకు చెప్పారని మీ తమ్ముడు వచ్చి చెప్పాడు. కేసు మళ్లీ తెరుస్తారట, దీపావళి విడుదల లేదట. నా మీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, చూసి పోయాడు. నన్ను సాక్ష్యం చెప్పమంటే పోతాను. ఆ చొక్కా ముక్క దాచి ఉంచాను. పొద్దున మీరు ఫోను పెట్టేశాక మా ఇంట్లో ఏం జరిగిందో కూడా అక్కడ చెప్తాను. మీ శిక్ష తగ్గడానికి కాదు. జరిగింది మొత్తం ఒక్కచోట ఉండాలి.

మిమ్మల్ని క్షమించానని రాయలేను. నన్ను నేను ఏం చేసుకోవాలో కూడా తెలియడం లేదు. మీ మోకాళ్లకు నువ్వుల నూనె కాచి రాసుకోండి, అక్కడ ఇస్తే.

శనివారం పిట్లం పోతున్నాను. ఎదురుగా కూచుంటే నాకు నోరు పెగలదు. అందుకే మీ ఉత్తరమూ, ఇదీ రెండూ ప్రియాంక చేతిలో పెడతాను. ఈ ఉత్తరాన్ని బిడ్డకోసం ఇంకో కాగితం మీద ఎత్తి రాసుకున్నాను, ఒక్క మాట కూడా మార్చలేదు. అది చదివేంతసేపు హాస్టలు గేటు బయట కూచుంటాను. బయటికి వస్తే ఇంటికి తీసుకొస్తాను. రాకపోతే మళ్లీ ఆదివారం పోతాను.

నీల